స్టేషన్ చెప్పిన లాయరు: అపోహలు – వాస్తవాలు

ఎస్సై గారో, స్టేషన్ రైటరో చెప్పిన లాయరును పెట్టుకుంటే బెయిలు తొందరగా వస్తుందన్నది పల్లెల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం. గుడుపల్లెలో కేసు పడి కుప్పం కోర్టుకు తిరగాల్సిన కుటుంబమైనా, మదనపల్లెలోనో పుంగనూరులోనో ఇరుక్కున్న కుటుంబమైనా మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. స్టేషన్ చేతిలో ఉన్న బెయిలుకు లాయరు అక్కర్లేదు, లాయరు అవసరమైన బెయిలు స్టేషన్ చేతిలో లేదు. బెయిలబుల్ నేరమైతే జామీను ఇస్తామన్నవాళ్లను స్టేషన్ బెయిలు మీద వదలాల్సిందే, అది హక్కు. మిగతావాటిలో నిర్ణయం కోర్టుది. అక్కడ లాయరు అడగాల్సిన ప్రశ్నలన్నీ పోలీసుల మీదికే పోతాయి. అరెస్టు చేసిన వేళ కాగితం మీద సరిగ్గా రాశారా? ఇరవై నాలుగు గంటల్లోపే మేజిస్ట్రేటు ముందు పెట్టారా? కారణాలు చెప్పారా? ఏడేళ్లలోపు శిక్షపడే నేరానికి, జనం ఇప్పటికీ 41ఏ అని పిలిచే నోటీసుతో సరిపెట్టకుండా అరెస్టే ఎందుకు చేశారు? 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మేజిస్ట్రేట్లను గట్టిగా చూడమన్నది ఈ చివరి సంగతినే. రేపటి కేసు కూడా అదే స్టేషన్ నుంచి రావాలని ఎదురుచూసే లాయరుకు ఇవి అడగడానికి నోరు పెగలదు. తొందరగా బెయిలు రావడం సంగతి అటుంచి, రావాల్సిన బెయిలుకే అడ్డం పడవచ్చు.

లాయరు తానుగా అడగలేదు, వాళ్లే పంపారు, ఇందులో తప్పేముందన్నది రెండో అపోహ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది నేరుగా గానీ, దళారుల ద్వారా గానీ కేసులు పట్టుకోవడాన్ని నిషేధిస్తుంది. న్యాయవాది కానివారితో ఫీజు పంచుకోవడాన్ని మరో నిబంధన కాదంటుంది. కమీషన్ తీసుకున్నవాడు యూనిఫాం వేసుకున్నంత మాత్రాన దళారీ కాకుండా పోడు. పైగా కేసును బట్టి అవినీతి నిరోధక చట్టం ఇద్దరి మెడకూ చుట్టుకోవచ్చు. బొంబాయి పోలీసు కోర్టు వాకిట కక్షిదారుల కోసం కాపుకాశారని కొందరు లాయర్ల మీద వచ్చిన దభోల్కర్ కేసులో, కేసుల కోసం అలా ఎగబడటం వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. 2023 సవరణ న్యాయవాదుల చట్టంలో 45ఏ సెక్షన్ చేర్చి, దళారుల జాబితాలు తయారుచేసే అధికారాన్ని హైకోర్టుకు, జిల్లా జడ్జీలకు, కలెక్టర్లకు ఇచ్చింది. జాబితాకెక్కాక కూడా ఆ పని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో 500 జరిమానా ఎవరిని భయపెడుతుందో మాత్రం అడగకూడదు!

అర్ధరాత్రి స్టేషన్ బయట నిలబడ్డ ఇంటివాళ్లు "మాకేం తెలుసు సార్, మీరే ఎవరినైనా చెప్పండి" అంటే పోలీసు ఏం చేయాలి? ఇది న్యాయమైన అభ్యంతరమే. డబ్బు ప్రసక్తి లేకుండా ఒక పేరు చెప్పడం దానంతటదే నేరం కాదు. చట్టం దృష్టిలో దళారీ అంటే లాయరు నుంచి ప్రతిఫలం పుచ్చుకునేవాడు. కానీ ఈ ప్రశ్నకు సరైన జవాబు నలభై ఏళ్లకు పైగా ఉంది. ఎవరినైనా అరెస్టు చేసిన వెంటనే దగ్గర్లోని న్యాయ సహాయ కమిటీకి తెలియజేయాలని 1983లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే పోలీసు చెప్పాల్సింది సంస్థ పేరు, మనిషి పేరు కాదు. ఇంగ్లండులో కస్టడీలో ఉన్నవారికి ఫలానా లాయరు సంస్థ మంచిదని పోలీసులు సలహా ఇవ్వకూడదని నియమావళే ఉంది. ఇక లాయరు వైపు చూస్తే, కక్షిదారు నిర్ణయాన్ని మార్చగల సంబంధమేదైనా ఉంటే కేసు తీసుకునేటప్పుడే దాచకుండా చెప్పాలన్నది 14వ నిబంధన. స్టేషన్ నుంచి వరసగా కేసులు వస్తున్నాయన్నది అలాంటి సంబంధమేనని నా అభిప్రాయం. చెప్పడానికి మొహం చెల్లకపోతే ఆ కేసు తీసుకోకపోవడమే మర్యాద. జూనియర్లు ఎలా బతకాలంటారా? న్యాయ సేవా ప్యానెళ్లు ఉన్నాయి, ఆ దారిలో వచ్చిన కేసుకు ఎవరికీ రుణపడక్కర్లేదు.

ఒకసారి వకాల్తా మీద సంతకం పెట్టాక లాయరును మార్చకూడదన్నదీ అపోహే. నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. ఫీజు బాకీ ఉందని కాగితాలు ఆపుకునే హక్కు లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసు తేల్చింది. ఉచిత లాయరు తెల్ల కార్డు ఉన్నవాళ్లకేనని కూడా అనుకుంటారు. కస్టడీలో ఉన్న మనిషికి 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేదు. స్టేషన్‌లో ఎవరైనా లాయరు పేరు చెబితే, ముందు 15100కు ఫోన్ చేసి న్యాయ సహాయం అడగండి.