జావా కంపైలర్ పరిమితి, తెలుగు పాఠ్యం: ఒక వివరణ

1. ప్రవేశిక:

నిఘంటువుల ఆరోపాలను, కావ్యపాఠాలను కంప్యూటరుకు ఎక్కించి పదసూచికలు సిద్ధం చేసే పరిశోధకులలో పలువురు పైథాన్‌ను ఉపయోగిస్తారు. అదే సామగ్రిని జావాలో నిర్మించిన శోధన పరికరంలోకి తరలించినప్పుడు, పైథాన్‌లో ఆటంకం లేకుండా నడిచిన పాఠాన్ని జావా కంపైలర్ నిరాకరించడం కద్దు. పాఠంలో దోషం ఉందనుకొని పంక్తులు తొలగించడం, తెలుగును రోమన్ లిపిలోకి మార్చి ఇరికించడం ఇటువంటప్పుడు తోచే ఉపాయాలు. పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే ఈ రెండూ పాఠానికి హాని చేసేవే. నిజానికి లోపం పాఠంలో లేదు, దానిని ఉంచిన చోటులో ఉంది.

2. పరిమితి స్వరూపం:

జావా కంపైలర్ మనం రాసిన కోడ్‌ను క్లాస్ ఫైలుగా మారుస్తుంది. కోడ్‌లో కొటేషన్ గుర్తుల మధ్య రాసిన పాఠాన్ని స్ట్రింగ్ అంటారు. క్లాస్ ఫైలులో ఒక స్ట్రింగ్ పొడవును నమోదు చేయడానికి కేటాయించిన స్థలం 2 బైట్లు మాత్రమే. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 65,535. ఇది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. తెలుగువారికి చిక్కు ఇక్కడే వస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో ప్రతి అచ్చుకూ, హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న పదంలో మూడక్షరాలున్నాయి, యూనికోడ్‌లో అవి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ‘స్త్రీ’ ఒకే అక్షరమైనా అదీ ఆరు సంకేతాలే, 18 బైట్లే. కాబట్టి పూర్తిగా తెలుగులో ఉన్న స్ట్రింగ్ 21,845 సంకేతాలకు మించరాదు. ఒక మోస్తరు ఆశ్వాసం కూడా ఈ హద్దును దాటగలదు.

దోషసూచనలోనూ తేడా ఉంది. సంకేతాల సంఖ్యే 65 వేలు దాటితే ‘కాన్‌స్టంట్ స్ట్రింగ్ టూ లాంగ్’ అని వస్తుంది. అంతకు లోబడి ఉన్నా బైట్లు మించిపోతే, ఆ స్ట్రింగ్ యూటీఎఫ్-8 రూపం పట్టడం లేదన్న మరో సూచన కనిపిస్తుంది. తెలుగు పాఠానికి తరచుగా ఎదురయ్యేది ఈ రెండవదే. పాఠాన్ని ముక్కలు చేసి కూడిక గుర్తుతో కలిపినా ప్రయోజనం లేదు. కంపైలర్ ఆ ముక్కలను ముందే ఒక్కటి చేసి కొలుస్తుంది.

ఆరోపాలను విడివిడి పదాలుగా, ఒక పట్టీగా రాస్తే మరో హద్దు అడ్డువస్తుంది. ఒక మెథడ్‌లోని సూచనలన్నీ కలిసి 65,535 బైట్లకు మించకూడదు. పట్టీలో ఒక పదాన్ని చేర్చడానికి సుమారు 8 బైట్ల సూచనలు పడతాయి. అందువల్ల ఎనిమిది వేల పదాల దగ్గర ‘కోడ్ టూ లార్జ్’ అని కంపైలర్ ఆగిపోతుంది. పట్టీని అనేక మెథడ్‌లుగా విడదీస్తే కొంతదూరం సాగుతుంది. అయితే ఒక క్లాసులోని స్థిరాంకాల పట్టికలో 65,534 స్థానాలే ఉంటాయి, ప్రతి కొత్త పదానికి రెండు స్థానాలు కావాలి. కనుక 32 వేల పదాలకు కాస్త అటూ ఇటూగా ఆ దారీ మూసుకుపోతుంది.

3. పరిష్కారం:

పాఠాన్ని కోడ్ నుంచి వేరుచేసి, పంక్తికొక ఆరోపం చొప్పున యూటీఎఫ్-8 ఫైలులో భద్రపరచి, ప్రోగ్రాం నడిచే వేళ చదివించడమే సరైన మార్గం. అప్పుడు పై హద్దులేవీ వర్తించవు. పాఠాంతరం చేర్చాలన్నా, ముద్రణదోషం దిద్దాలన్నా ప్రోగ్రాంను తాకనవసరం లేదు.

చదివేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనాలి. జావా 18 నుంచి అదే సహజస్థితి. అంతకుముందరి వెర్షన్లు ఆపరేటింగ్ సిస్టమ్ అమరికను అనుసరించేవి కాబట్టి విండోస్‌లో తెలుగు అర్థంలేని గుర్తులుగా మారే ప్రమాదం ఉంది. ఫైలు మొదట్లో కంటికి కనబడని ‘బామ్’ గుర్తు ఉంటే జావా దానిని తొలగించదు. అది మొదటి ఆరోపానికి అతుక్కొని, ఆ ఒక్క పదం మాత్రం శోధనకు దొరకదు.

తరలింపు పూర్తయ్యాక పంక్తుల సంఖ్యను, ప్రతి పంక్తి పొడవును రెండు భాషల్లోనూ లెక్కించి పోల్చాలి. సంకేతాలను లెక్కించే పద్ధతి జావాకూ పైథాన్‌కూ వేరైనా, తెలుగు లిపి విషయంలో రెండింటి లెక్కా ఒకటే వస్తుంది. ఎక్కడ అంకె తప్పిందో అక్కడే పాఠం జారిపోయిందని గుర్తించి, మూలప్రతితో సరిచూడాలి.