పులి–మేక: ఓడినవాడు మరల ఏల కూర్చుండును?

మధ్యాహ్న విరామవేళ మన పాఠశాల వసారాలో సుద్దముక్కతో గీచిన ఒక త్రిభుజమును, దాని చుట్టును మూగిన బాలబాలికలను చూడని ఉపాధ్యాయుడు లేడు. తెలుగు పిల్లలు ఈ యాటను పులి–మేక యందురు. కన్నడ మిత్రులకు ఇది ఆడు–హులి. హోసూరు వైపు బంధువులు గల తమిళ బాలురకు ఆడు–పులి యాట్టము. ఆ రెండు భాషలందును ‘ఆడు’ అనగా మేక. తెలుగువాని చెవికి మాత్రము అది ‘ఆడుము’ అను పిలుపువలె వినబడును! మూడు భాషలు కలిసి మెలగు మన ఆనేకల్ తాలూకాలో, ఒక్క మాటనైనను అనువదింప నక్కరలేకుండ ఎవరితోనైనను కూర్చుండి ఆడదగిన యాట యిది.

గెలిచినవాడు మరల ఆడగోరుటలో వింత లేదు. ఓడినవాడు లేచిపోక, “ఇంకొక్క ఆట” అని గింజలు సర్దుకొనుట యేల? ఈ ప్రశ్నకు సమాధానము ఆటలోనే యున్నదని మా తలంపు.

ముందుగా గీతలను చూతము. శిఖరమునుండి నాలుగు గీతలు క్రిందికి దిగును. మూడు అడ్డగీతలు వానిని ఖండించి, ఇరువైపులకు సాగి, నిలువుగీతలతో కలిసి ఒక దీర్ఘచతురస్రమగును. గీతలు కలియు స్థానములను లెక్కింపుడు: శిఖరము 1, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4, వెరసి 23. పులులు 3, మేకలు 15. పులులు మొదటనే శిఖరముకడ కాచుకొని యుండును. ఒకడు ఒక్కొక్క మేకను దించుచుండ, రెండవవాడు పులిని ఒక్కొక్క స్థానము కదల్చుచుండును. ప్రక్కనున్న మేకకు ఆవల, అదే గీతపై, స్థానము ఖాళీగా నున్నచో పులి దూకి దానిని చంపును. మేక దేనిని చంపజాలదు. పులులు మూడును కదలలేకుండ దారులు మూయుటయే దాని గెలుపు. ఊరూర నియమములలో చిన్న భేదములున్నను ఆట సార మిదియే.

ఇందు పాచిక లేదు, గవ్వ లేదు. వైకుంఠపాళిలో పామునోట పడినవాడు గవ్వలను తిట్టుకొనును. అతనికి నేర్చుకొనదగినది యేమియు మిగులదు. పులి–మేకలో ఓడినవానికి తిట్టుటకు ఎవరును దొరకరు. ఏ మేకను ఎచట దించుటచే చెడెనో వెనుకకు నడచి వెదకినచో ఆ స్థానము చిక్కును. చిక్కిన వెంటనే, “అచట కాక ఇచట దించి యుండిన?” అను తలపు పుట్టును. ఆ తలపే అతనిని మరల కూర్చుండబెట్టును. పూర్వులు దీనిని పులిజూదమని పిలిచినందున కొందరు పెద్దలు ఈ యాటను చూచి మొగము చిట్లింతురు. పేరున జూదమున్నను ఇందు పందెమునకు పనిలేదు. పందెము పెట్టిన ఆటను మేమును ఒప్పుకొనము.

కొత్తవాడు తొలిమేకను నడిబొడ్డున దించును. రెండు ఎత్తులలో అది పులిపాలగును. తెలిసినవాడు దీర్ఘచతురస్రపు నాలుగు మూలలను చూచుకొనును. గీతలు అచట ముగియును గనుక మూలనున్న మేకను దాటి దూకుటకు పులికి దారి లేదు. ఇక లెక్క చూడుడు. మేకలన్నియు చావక దిగినచో 23 స్థానములలో 18 నిండి, ఖాళీ 5 మాత్రమే మిగులును, పులులకు ఊపిరాడదు. చచ్చిన ప్రతి మేకయు పులికి ఒక ఖాళీని ఇచ్చి పోవును. అయినను మేకలవాడు నిశ్చింతగా ఉండరాదు. పదునైదును దిగిన పిమ్మట తన వంతు వచ్చినప్పుడెల్ల ఏదో యొక మేకను కదల్చియే తీరవలెను. తాను కట్టిన గోడనుండి తానే ఒక రాతిని పెకలింపవలసి వచ్చును. ఏ రాతిని పెకలించినచో గోడ నిలుచును? ఈ యాటలోని లోతంతయు ఇచటనే యున్నది.

ఈ యాట ఐకమత్యమును బోధించునని వ్యాసములలో వ్రాయుట పరిపాటి. అది సగమే నిజము. గుంపుగా చేరియు వెనుక ఖాళీ నుంచుకొన్న మేకలు వరుసగా చచ్చుట మన పిల్లలకు తెలియును. ఒక్కొక్కప్పుడు మేకలవాడు కోరియే ఒక మేకను ఎరగా విడుచును; దూకిన పులి తిరిగి రాలేని మూలలో చిక్కును. ఆ పైన పక్షములు మారుట కలదు. ఇప్పుడు పులియైనవాడు మరుసటి ఆటలో మేక. నిన్న తాను కోరిన ఖాళీలను నేడు తానే మూయవలెను. ఇట్టి మార్పిడి చదరంగములో సైతము లేదు. అచట ఇరుపక్షముల బలము ఒక్కటే.

యంత్రములు వచ్చినవి గదా, ఇంకను ఆడుట యెందుకని అడుగువారు కలరు. 1997లో డీప్ బ్లూ అను యంత్రము చదరంగమున జగజ్జేత కాస్పరోవును ఓడించెను. మన యాటకు చుట్టమైన నేపాలీయుల బాఘ్‌చాల్‌ను, అనగా 4 పులులు, 20 మేకలు, 25 స్థానములు గల యాటను, పండితులు కంప్యూటరుతో గణించి, ఇరువురును తప్పు చేయనిచో అది సమముగా ముగియునని తేల్చిరి. నేపాలులో ఆట ఆగలేదు. తప్పు చేయని ఇరువురు ఏ అరుగుమీదను కూర్చుండరు గదా!

పొరుగు రాష్ట్రపు గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2019లో ప్రపంచ మహిళా ర్యాపిడ్ చదరంగ విజేత యయ్యెను. 2024 డిసెంబరులో న్యూయార్కున అదే పోటీకి మరల కూర్చుండెను. మొదటి ఆటలోనే ఓడెను. తక్కినవి పది ఆటలు. వానిలో ఎనిమిదిన్నర పాయింట్లు గడించి రెండవమారు ఆ బిరుదు నందుకొనెను.