ఇంజను ఎయిర్‌ఫ్లో సెన్సారును ఇంటివద్ద శుభ్రపరచుట

ధాన్యమును యార్డుకు చేర్చవలసిన రోజున బండి కుదుపుతో ఆగిపోయినచో నష్టపడునది మీరే. కార్లలోను, పికప్ వ్యానులలోను ఇట్టి చిక్కుకు ఒక కారణము ఎయిర్‌ఫ్లో సెన్సారుపై పేరుకొనిన దుమ్ము. దీనిని మీరే తొలగించుకొనవచ్చును.

పనిచేయు తీరు: ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. లోనికి పోవు గాలిని ఈ సెన్సారు కొలుచును. ఇందులో సన్నని తీగ గాని, పలుచని పొర గాని విద్యుత్తుచే వేడెక్కి యుండును. గాలి దానిని చల్లార్చును. గాలి ఎక్కువైనకొలది ఆ వేడి నిలుపుటకు ఎక్కువ విద్యుత్తు పట్టును. ఈ లెక్కను బట్టి ఇంజను కంప్యూటరు ఇంధనమును వదలును. తీగపై దుమ్ము పట్టినచో, దుప్పటి కప్పినట్లై, అది సరిగా చల్లబడదు. గాలి తక్కువగా వచ్చుచున్నట్లు లెక్క తేలి, ఇంధనము చాలక, బండి లాగుడు తగ్గును.

శుభ్రపరచు విధము:

1. ఇంజను ఆపి, బాగుగా చల్లారనిచ్చి, బ్యాటరీ నెగెటివు తీగను విప్పవలెను.

2. సెన్సారు సాధారణముగా ఎయిర్ ఫిల్టరు పెట్టె దాటిన వెంటనే గొట్టముపై ఉండును. ప్లగ్గును గొళ్లెము నొక్కి తీయవలెను. తీగలు పట్టి లాగరాదు.

3. మరలు విప్పి సెన్సారును మెల్లగా వెలుపలికి తీయవలెను.

4. ఆరుబయట, నిప్పుకు దూరముగా, ఈ సెన్సారుకై అమ్ము క్లీనరు స్ప్రేను జానెడు దూరమునుండి పది పదిహేను మారులు కొట్టవలెను.

5. కనీసము అరగంట నీడలో దానంతట అదే ఆరనిచ్చి, రబ్బరు రింగు చెడలేదని చూచి, పూర్వమున్న దిక్కుననే బిగించవలెను.

చేయరాని పనులు: తీగను వ్రేలితో గాని, గుడ్డతో గాని, బ్రష్షుతో గాని తాకరాదు, అది తెగును. కార్బురేటరు క్లీనరు, బ్రేకు క్లీనరు, కంప్రెసరు గాలి వాడరాదు.

అన్ని బండ్లకు ఈ సెన్సారు ఉండదు. కొన్నింటిలో గాలి పీడనమును కొలుచు వేరొక సెన్సారుండును. కావున ముందుగా బండితో ఇచ్చిన పుస్తకము చూడవలెను. వారంటీలో నున్న బండిని విప్పరాదు.

ఎయిర్ ఫిల్టరు చిరిగినను, మూత సరిగా పడకున్నను, దుమ్ము మరల చేరును. మట్టిరోడ్లపై తిరుగు బండికి ఫిల్టరును తరచుగా చూచి, పాడైనచో మార్చవలెను. శుభ్రపరచినను ఇంజను దీపము ఆరకున్నచో లోపము వేరొకచోట ఉండవచ్చును. అప్పుడు మెకానిక్కుకు చూపవలెను. కోతలు మొదలగుటకు ముందే, తీరికగానున్న రోజున ఈ పని ముగించుకొనుట మేలు.