గాజు ముక్కంత రింగు కోసం ఆగిన ఫ్యాక్టరీలు

బైకు ఇంజను విప్పి చూసే అవసరం మనలో చాలామందికి వచ్చి ఉండదు. విప్పితే లోపల పిస్టన్ ఉంటుంది, దాని చుట్టూ సన్నటి లోహపు చుట్లు రెండో మూడో కనబడతాయి. చూడ్డానికి ఒకచోట చిట్లిన గాజులాగే ఉంటాయి. వాటినే పిస్టన్ రింగులంటారు. మండే పెట్రోలు వేడి, ఒత్తిడి కిందికి జారిపోకుండా, కింద ఉన్న ఆయిలు పైకి ఎగబాకకుండా ఆపడం వాటి పని. స్కూటీ అయినా, బుల్లెట్ అయినా, మీ వాకిట్లో నిలబెట్టిన పెట్రోలు కారయినా అవి లేనిదే నడవదు.

2007 జులై 16న జపాన్‌లో నీగాత తీరాన పెద్ద భూకంపం వచ్చింది. అక్కడ కషివజాకీ అనే ఊళ్లో రికెన్ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. జపాన్ వాహనాలకు కావలసిన పిస్టన్ రింగుల్లో దాదాపు సగం రికెన్ కంపెనీవే. భూకంపానికి యంత్రాలు పక్కకి ఒరిగిపోయాయి. ఊరికి నీళ్లు, గ్యాసు ఆగిపోయాయి. నాలుగు రోజులు తిరక్కుండానే టయోటా తన దేశంలోని కార్ల ఫ్యాక్టరీలన్నీ ఆపేసింది. మిగతా పెద్ద కంపెనీలు కూడా కొన్ని పూర్తిగా, కొన్ని సగంగా ఆపుకున్నాయి. లక్షల రూపాయల బండి, వంద రూపాయల రింగు దగ్గర ఆగిపోయిందన్నమాట.

తర్వాత జరిగింది మాత్రం నాకు భలే నచ్చింది. రోజూ ఒకరినొకరు మించిపోవాలని చూసే కంపెనీలు తమ ఇంజనీర్లను, మెకానిక్కులను వందలమందిని కషివజాకీకి పంపాయి. అందరూ కలిసి ఆ యంత్రాలను లేపి నిలబెట్టారు. వారం రోజుల్లో రింగులు మళ్లీ రావడం మొదలైంది. మంచి మనసుతో పాటు అందులో సొంత అవసరం కూడా ఉందనుకోండి!

ఇంతకీ ఒక్క ఫ్యాక్టరీ ఆగితే అన్నీ ఎందుకు ఆగాలి? గోదాములో పది రోజులకు సరిపడా పెట్టుకోవచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. ఏడాదికి సరిపడా చింతపండు, కందిపప్పు డబ్బాల్లో పోసుకున్న ఇళ్లలోంచి వచ్చినవాళ్లం మరి. వాహనాల కంపెనీలది పాల ప్యాకెట్టు పద్ధతి. ఈ రోజుకి కావలసింది ఈ రోజే వస్తుంది, రేపటిది రేపు వస్తుంది. సరుకు నిల్వ చేస్తే డబ్బు అందులో ఇరుక్కుపోతుంది, చోటు కావాలి, లోపం ఉన్న సరుకు ఎక్కడో అడుగున దాక్కుంటుంది. టయోటా దశాబ్దాల కిందట పద్ధతిగా నేర్పిన ఈ విధానాన్ని ప్రపంచమంతా పట్టుకుంది. పాలవాడు రాని రోజు మాత్రం కాఫీ లేదు.

పోనీ ఇంకొకరి దగ్గర కొనొచ్చు కదా అంటే, రింగు అంత తేలిక కాదు. ఏ ఇంజనుకి ఆ కొలత ఉంటుంది, వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పొగ వస్తుంది. ఒకరికి కొలిచి కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టనట్టే. కొత్తవాళ్ల సరుకుని పరీక్షించి ఒప్పుకోవడానికి నెలలు పడుతుంది.

మోటార్ సైకిళ్లకే నేరుగా తగిలిన దెబ్బ 2016 ఏప్రిల్‌లో పడింది. జపాన్ దక్షిణాన కుమమొతోలో 14వ తేదీ రాత్రి ఒక భూకంపం, అది పోయిందనుకుని జనం ఇళ్లలోకి వెళ్లాక 16వ తేదీ తెల్లవారుజామున అంతకంటే పెద్దది వచ్చాయి. ఇళ్లు కూలాయి, భూకంపాల వల్ల నేరుగా యాభై మంది చనిపోయారు. అక్కడి ఓజు పట్టణంలో హోండా ఫ్యాక్టరీ ఉంది. హమామత్సులో జరిగే బైకుల పనిని కూడా 2008లో అక్కడికే చేర్చి, జపాన్‌లో తన బైకుల తయారీ అంతా హోండా ఒక్క చోటే పెట్టుకుంది. అమెరికాలో ఉన్నవాళ్లు హైవే మీద సోఫాలాంటి సీటుతో, వెనక పెట్టెలతో వెళ్లే గోల్డ్ వింగ్ బైకుని చూసే ఉంటారు. 2009 వరకూ అది ఒహాయోలోని మేరీస్‌విల్‌లో తయారయ్యేది. తర్వాత దాని తయారీ కూడా కుమమొతోకే చేరింది. ఖర్చు లెక్కల్లో అది తెలివైన పనే. నేల కదిలిన రోజున ఆ తెలివి అక్కరకు రాలేదు. మే మొదటి వారంలో కొన్ని బండ్లు మొదలైనా, పూర్తిగా కోలుకోవడానికి నెలలు పట్టింది.

మన వైపు ఇలాంటి దెబ్బ నీళ్ల రూపంలో వస్తుంది. 2015 నవంబరు, డిసెంబరు నెలల్లో చెన్నై మునిగినప్పుడు, రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు తిరువొత్తియూరు, ఒరగడం ఫ్యాక్టరీలు రెండూ మూయవలసి వచ్చింది. అప్పటికే బుల్లెట్ బుక్ చేసినవాళ్లు నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. వానల వల్ల 11,000కు పైగా బండ్ల తయారీ పోయిందని కంపెనీ చెప్పింది. తమ్ముడి పెళ్లికి బుల్లెట్ ఇప్పిస్తానని ఇక్కడినుంచి డబ్బు పంపిన అక్కలు ఎందరో! పెళ్లి అయిపోతుంది, బండి రాదు.

కంపెనీ రెండు వారాల్లో లేచి నిలబడింది. నిలబడటం కష్టమైంది ఎక్కటుతాంగల్, గిండీ, అంబత్తూరు లాంటి చోట్ల నాలుగు లేతు మిషన్లతో బోల్టులు, బుష్‌లు చేసి పెద్ద కంపెనీలకు ఇచ్చే చిన్న షెడ్లవాళ్లకి. మోటార్లలోకి బురద నీళ్లు వెళ్లాయి, బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు. జపాన్‌లో రికెన్‌ని లేపడానికి వందల మంది వెళ్లారు, ఎందుకంటే దానికి బదులు ఇంకొకటి లేదు. బదులు దొరికే చిన్నవాడి దగ్గరికి ఎవరూ అంత హడావుడిగా వెళ్లరు.

ఇక మార్కెట్ సంగతి. కొత్త బండి ఆలస్యమైతే జనం పాత బండి వైపు చూస్తారు, పాత బండి ధర పెరుగుతుంది. సరిగ్గా అదే సమయంలో నీళ్లలో మునిగిన బండ్లు తుడిచి, పాలిష్ పెట్టించుకుని అమ్మకానికి వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు ఎన్ని బండ్లు మునిగాయో టీవీలో చూశాం. దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి 3,000, ఆటోకి 10,000 రూపాయల చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఇంజనులోకి నీళ్లు వెళ్లిన బండికి 3,000 ఏ మూలకి? పాలు పోసేవాళ్లకి, ఇంటింటికీ పార్సిళ్లు చేర్చే కుర్రాళ్లకి బండి ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే.

అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ అన్నదమ్ముల్ని, మరిదిని ఒక్క మాట అడగండి: బండికి ఇన్సూరెన్సు ఏ రకంది? పోలీసులు అడిగితే చూపించడానికి చేయించే థర్డ్ పార్టీ పాలసీ వరద నష్టానికి పైసా ఇవ్వదు. సొంత బండి నష్టానికి కూడా వర్తించే పాలసీ ఉండాలి. అది ఉన్నా, నీళ్లలోంచి తీసిన బండిని స్టార్ట్ అవుతుందేమోనని కిక్కు కొట్టి ఇంజను పాడు చేసుకుంటే, ఆ నష్టం మాది కాదని కంపెనీలు తరచుగా అంటాయి. స్టార్ట్ చేయకుండా, ఫోటోలు తీసి, తోసుకుంటూనో బండి మీద వేసుకునో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లమనండి.

పాత బండి కొనేటట్టయితే సీటు ఎత్తి వైర్ల కనెక్టర్లలో పచ్చటి తుప్పు, హెడ్‌లైటు అద్దం లోపల మట్టి చార ఉన్నాయేమో చూడమనండి. ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిసినట్టే. రిజిస్ట్రేషన్ కాగితాల్లో బండి మునిగిన సంగతి రాసి ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వరదలో పాడైన వాహనం టైటిల్ మీదే ఆ ముద్ర వేస్తారు, కానీ దాన్ని ఇంకో రాష్ట్రానికి తోలుకుపోయి ముద్ర చెరిపించుకునే ఘనులూ ఉన్నారు. తుఫాను వచ్చిన ఏడాది మీ పిల్లలకి పాత కారో బైకో కొంటుంటే, దాని 17 అక్షరాల విన్ నంబరుని ఎన్‌ఐసీబీ వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. ఇన్సూరెన్సు లేని బండి అయితే అందులో రికార్డు ఉండకపోవచ్చు. కాబట్టి తలుపు తీసి కార్పెట్టు అంచు ఎత్తి వాసన చూడటం మానకండి.