ఎత్తైన కొండల మీద రేచీకటి కళ్ళు



మా మేనకోడలి కొడుకు బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి రెటినైటిస్ పిగ్మెంటోజా అనే కంటి జబ్బు ఉంది. 2023లో తోటి విద్యార్థులు లేహ్ యాత్రకు బయలుదేరుతుంటే, "తాతయ్యా, నేనూ వెళ్ళనా?" అని అడిగాడు. వాళ్ళమ్మ వద్దంది. ముగ్గురం కంటి డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాము. ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ మీకు పనికివస్తుందని రాస్తున్నాను.

ఇది విటమిన్ 'ఎ' లోపం వల్ల వచ్చే రేచీకటి కాదు. జన్యువుల ద్వారా వచ్చేది. సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుంది. మేనరికాల వల్ల వచ్చే అవకాశం పెరుగుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ముందు దెబ్బతింటాయి. రాత్రి చూపు, ఆపైన పక్క చూపు తగ్గుతాయి.

కంటిలోని రెటీనా పొరకు ఆక్సిజన్ చాలా అవసరం. రాడ్ కణాలు చీకటిలోనే దాన్ని ఎక్కువగా వాడుకుంటాయి. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా దగ్గర దాదాపు సగమే. అందుకే ఎత్తులో మంచి కళ్ళకు కూడా రాత్రి చూపు కొంత తగ్గుతుంది. నిండుగా ఉన్న ఖాతాలోంచి వంద తీస్తే తెలియదు. అడుగంటిన ఖాతాలో ఆ వందే పెద్ద లోటు.

గుర్తుంచుకోవలసినవి:

1. లేహ్ చేరాక మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. ఒక్కసారిగా ఇంకా పైకి వెళ్ళరాదు.

2. చీకటి పడ్డాక ఒంటరిగా నడవరాదు. టార్చిలైటు దగ్గర ఉండాలి.

3. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. వాటిని ఆపే కళ్ళజోడు పెట్టుకోవాలి, గదిలోకి రాగానే తీసేయాలి.

4. చాలా ఎత్తులో ఎవరి రెటీనాలోనైనా రక్తపు చుక్కలు రావచ్చు. చాలావరకు అవే తగ్గుతాయి. కానీ చూపు మసకబారితే వెంటనే కిందికి దిగి డాక్టరుకు చూపించాలి.

5. కొండ జబ్బుకు వాడే మందుల్లో ఎసిటజోలమైడ్ సల్ఫా రకానికి చెందినది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా కొందరికిచ్చే సిల్డెనాఫిల్, రెటినైటిస్ పిగ్మెంటోజా ఉన్నవారికి తగదు. తోటివారు ఇచ్చారని ఏ మాత్రా వేసుకోరాదు.

డాక్టరు గారు వెళ్ళవచ్చన్నారు, కానీ తోడు వచ్చేవారికి జబ్బు సంగతి చెప్పాలన్నారు. మావాడికి కొండకన్నా అదే కష్టమైంది. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. పక్కనుంచి పలకరిస్తే చూడడని, గర్విష్ఠి అని స్నేహితులు అనుకున్నారట. చెప్పాక ఆ పిల్లలే లేహ్‌లో రాత్రి భోజనానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. క్షేమంగా తిరిగి వచ్చాడు.

తల్లిదండ్రులకు నా మనవి: పిల్లల జబ్బును దాచకండి. ముందు డాక్టరును అడగండి. ఆయన సరేనంటే, జాగ్రత్తలు చెప్పి పంపండి.