హెడ్డుకూ బ్లాకుకూ మధ్య

మన ఇళ్లలో గ్యాస్కెట్ అనగానే గుర్తొచ్చేది కుక్కర్ మూతకుండే రబ్బరు. అది గట్టిపడిపోయిందంటే అంచుల్లోంచి ఆవిరి కక్కుతుంది, విజిల్ రాదు, పప్పు ఉడకదు. అక్కడ లోపలి పీడనం బయటి గాలికి రెండింతలు, అంతే. అమెరికాలో ఇంటి చుట్టూ పచ్చికను సీట్లో కూర్చుని కోసుకునే రైడింగ్ మోవర్ సంగతి వేరు. పెట్రోలు మండిన క్షణాన దాని సిలిండర్లో పీడనం బయటి గాలికి సుమారు 30 రెట్లకు చేరుతుంది. ఆ మోవర్లలో కనిపించే 500 సీసీ ఇంజన్ సిలిండర్ వ్యాసం దాదాపు 90 మిల్లీమీటర్లు. లెక్క కడితే ఒక్కో పేలుడుకీ 1,900 కిలోల దాకా బలం, సిలిండర్‌కు మూతలా ఉండే హెడ్డును పైకి తోస్తుంది. నిమిషానికి 3,600 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఇలాంటి పేలుళ్లు సెకనుకు 30. ఆ వాయువును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేది కొన్ని బోల్టులూ, మిల్లీమీటరుకు అటూఇటూ మందమున్న ఒక హెడ్ గ్యాస్కెట్టూ.

అమెరికాలో పచ్చికంటే చిన్న విషయం కాదు. 2005లో ఉపగ్రహ సమాచారం ఆధారంగా నాసా పరిశోధకులు ప్రకటించిన అంచనా ప్రకారం అక్కడి లాన్ల విస్తీర్ణం 1,60,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఇంచుమించు ఇవాళ్టి ఆంధ్రప్రదేశ్ అంత. అందుకే అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామందికి కారు తర్వాత పరిచయమయ్యే రెండో ఇంజన్ మోవర్‌దే.

పీడనాన్ని బంధించడమనే తలనొప్పి పెట్రోలు ఇంజన్‌తో మొదలవలేదు. 1712లో న్యూకోమెన్ తన ఆవిరి యంత్రంలో పిస్టన్ చుట్టూ తోలు చుట్టి, పైన నీళ్లు నిలిపి ఆవిరిని ఆపాడు. జేమ్స్ వాట్ వచ్చేసరికి ఆ నీళ్ల ఉపాయం పనికిరాలేదు. ఆయన యంత్రంలో సిలిండర్ ఎప్పుడూ వేడిగా ఉండాలి మరి. జనపనారకు కొవ్వు పట్టించి పిస్టన్ చుట్టూ కూరినా, గుండ్రం సరిగ్గా లేని సిలిండర్లలోంచి ఆవిరి పోతూనే ఉండేది. ఫిరంగులు తొలిచే పనిలో చెయ్యి తిరిగిన జాన్ విల్కిన్సన్ 1775 ప్రాంతంలో సిలిండర్ను గుండ్రంగా తొలిచి ఇచ్చాకే వాట్ యంత్రం గట్టెక్కింది. అంటే దారులు రెండు. ఒకటి, లోహపు తలాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం. రెండోది, తేడా ఉంటే ఉండనీ అని మధ్యలో మెత్తటిదేదో పెట్టి బిగించడం. మొదటి దారి ఖరీదైనది. సామాన్యుడి చేతికి యంత్రాన్ని అందించింది రెండోదే.

మోవర్ పుట్టింది ఇంగ్లండ్‌లో. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఉన్ని బట్టల మిల్లులు ఉండేవి. బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే చుట్టు బ్లేడ్ల యంత్రాన్ని చూసి, ఇదే పని గడ్డికీ చెయ్యొచ్చు కదా అనుకున్నాడు ఎడ్విన్ బడ్డింగ్. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. స్క్రూ తిప్పి దవడ సర్దుకునే స్పానర్‌కు రూపమిచ్చినవాడూ ఆయనే. కొడవలి అక్కర్లేకుండా చేసినవాడే మెకానిక్కు చేతికి పనిముట్టు కూడా ఇచ్చాడన్నమాట. 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు మోవర్‌ను అమ్మకానికి తెచ్చింది. 1953లో మిల్వాకీలోని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ పోత ఇనుము బదులు అల్యూమినియంతో తేలికైన ఇంజన్ తయారుచేయడంతో మోవర్ బరువూ ధరా రెండూ దిగాయి. 1963లో జాన్ డీర్ తన తొలి లాన్ ట్రాక్టర్, మోడల్ 110ను తెచ్చింది.

ఈ వరుసలో ఎవరూ పెద్దగా చెప్పుకోని మలుపు ఒకటుంది. తొలినాటి ఇంజన్లు చాలావాటిలో సిలిండరూ హెడ్డూ ఒకే పోత. అతుకు లేదు కాబట్టి లీకూ లేదు. కానీ వాల్వు పాడైతే లోపలికి దారి ఉండేది కాదు. 1908లో ఫోర్డ్ మోడల్ టీ, బోల్టులు విప్పితే ఊడొచ్చే హెడ్డుతో వచ్చింది. మధ్యలో రాగిరేకుల నడుమ ఆస్‌బెస్టాస్ పెట్టిన గ్యాస్కెట్. పల్లెటూరి రైతు సైతం పెరట్లో హెడ్డు దించి మసి గీకి మళ్లీ బిగించుకోగలిగాడు. ఇంజన్ చరిత్రలో గ్యాస్కెట్ చేసిన అసలు మేలు ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. అది లీకును ఆపింది సరే, యంత్రాన్ని విప్పడానికి వీలిచ్చింది. తను నలిగిపోయి, లోహాన్ని మళ్లీ మళ్లీ వాడుకోనిచ్చింది.

పాత మోవర్ ఇంజన్లలో వాల్వులు బ్లాకులోనే సిలిండర్ పక్కన ఉండేవి. తర్వాత వాటిని హెడ్డులోకి ఎక్కించారు. పెట్రోలు ఆదా అయింది, పొగ తగ్గింది. కానీ కింద క్యామ్ నుంచి పైన రాకర్ దాకా, వాల్వులను తెరిపించే పుష్‌రాడ్లు వెళ్లడానికి సిలిండర్ పక్కనే ఒక సొరంగం కావాల్సి వచ్చింది. సిలిండర్‌కూ ఆ సొరంగానికీ మధ్య గ్యాస్కెట్‌కు మిగిలింది సన్నటి పట్టీ. పోతే ముందు అక్కడే పోతుంది. అప్పుడు మండే వాయువు బయటికి కనిపించదు, సొరంగంలోంచి దిగి ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి చేరుతుంది. అక్కడ పీడనం పెరిగి ఆయిల్ తుంపరలు బ్రీదర్ గుండా కార్బురేటర్ వైపు వెళతాయి. సైలెన్సర్ నీలిపొగ వదులుతుంది, ఆయిల్ తరిగిపోతుంది. పిస్టన్ రింగులు అరిగాయనుకుని ఇంజన్నే పారేసేవాళ్లున్నారు. కొన్ని రూపాయల పట్టీ తప్పుకు ఇంజన్‌కు శిక్ష పడుతుంది.

తేల్చుకోవడానికి చక్కటి పరీక్ష ఉంది. ప్లగ్గు తీసి, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్‌ను పై కొసకు తెచ్చి, షాఫ్టు కదలకుండా పట్టివేసి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపాలి. తర్వాత చెవి పెట్టి వినాలి. బుస్సుమనే చప్పుడు సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ కొలిచే పుల్ల గొట్టంలోంచి వస్తే రింగులో, గ్యాస్కెట్టో. హెడ్డు దించాక ఆ సన్నటి పట్టీ మీద నల్లగా కాలిన చార అడ్డంగా కనిపించిందా, ఇక వెతకక్కర్లేదు.

దించడం ఇంజన్ పూర్తిగా చల్లారాకే. ముందుగా ప్లగ్గు వైరూ బ్యాటరీ నెగటివూ తీసేయాలి. కింద బ్లేడు ఉందన్న సంగతి మరవకూడదు. పుష్‌రాడ్లు ఏది ఏ వాల్వుదో తారుమారు కాకుండా అట్టముక్కకు గుచ్చి గుర్తు పెట్టుకోవాలి. అతుక్కుపోయిన పాత గ్యాస్కెట్‌ను ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి. ఇనుప బ్లేడు పెడితే అల్యూమినియం మీద పడే గీతే రేపటి లీకు. హెడ్డు మీద స్టీలు బద్ద నిలబెట్టి, సందులోకి 0.1 మిల్లీమీటరు ఫీలర్ గేజి దూరితే హెడ్డు వంగిందన్నట్టే. అలాంటిదానికి ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా దండగ. బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. ఈ తరహా ఇంజన్లకు చివరి బిగింపు 25 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్ ఏం చెబితే అదే ప్రమాణం. ఆపైన వాల్వు గ్యాప్ మళ్లీ సరిచూడాలి.

ఇంతకీ గ్యాస్కెట్ ఎందుకు పోతుంది? అల్యూమినియం వేడికి స్టీలుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. హెడ్డు అల్యూమినియం, దాన్ని పట్టిన బోల్టులు స్టీలు. వేడెక్కినప్పుడల్లా గ్యాస్కెట్ మరింత నలుగుతుంది, చల్లారినప్పుడు పట్టు సడలుతుంది. ఇది మామూలే, గ్యాస్కెట్ తట్టుకుంటుంది. తట్టుకోలేనిది మితిమీరిన వేడి. గాలితో చల్లబడే ఈ ఇంజన్ల రెక్కల సందుల్లో, పైకవరు చాటున, కోసిన గడ్డి చేరి పిడచకడుతుంది. ఎలుకలు గూడూ పెడతాయి. గాలి ఆడక హెడ్డు వంగుతుంది. యేటా ఒకసారి ఆ కవరు విప్పి గడ్డి దులిపితే చాలావరకు ఈ రోగమే రాదు.

ఇక ఆస్‌బెస్టాస్. వేడికి ఓర్చుకునే ఆ పీచు దశాబ్దాలపాటు గ్యాస్కెట్లను ఏలింది. ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని తేలాక తయారీదారులు గ్రాఫైట్‌కూ స్టీలు పొరలకూ మారారు. 2024 మార్చిలో అమెరికా పర్యావరణ సంస్థ క్రైసోటైల్ ఆస్‌బెస్టాస్‌ను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో గ్యాస్కెట్ షీట్లూ ఉన్నాయి. మన దగ్గర దాని దిగుమతి ఆగలేదు. విజయవాడ ఆటోనగర్లోనైనా, పల్లెలో పంపుసెట్టు మెకానిక్కు షెడ్డులోనైనా చూడండి. షీటును ఇంజన్ భాగం మీద పరిచి, గుండుసుత్తితో అంచు వెంట మెల్లగా కొడుతూ పోతే లోహపు అంచే కత్తెరై ప్యాకింగ్ అచ్చుగా తెగి వస్తుంది. చూడముచ్చటైన పనితనం. ఆ షీటు మాత్రం చాలాసార్లు సీఏఎఫ్, అంటే ఆస్‌బెస్టాస్ పీచుదే.

మెకానిక్కు అన్నలకు నా విన్నపం ఇదొక్కటే. షాపులో ఆస్‌బెస్టాస్ లేని షీటు అడిగి తీసుకోండి, దొరుకుతుంది. పాత ప్యాకింగ్‌ను పొడిగా గీకకండి, నీళ్లతో తడిపి తీయండి. ఆ పొడిని ఎయిర్ గన్‌తో ఊదకండి, పక్కన పనినేర్చుకునే కుర్రాణ్ని ఊదనివ్వకండి.