తుపాకి గొట్టముపై రెండు గుర్తు లెందుకు?

మామిడికాయను రాతితో కొట్టునపుడు కాయకంటె నించుక పైకి గురిచూతురు గదా. ఏలయన, రాయి పోవుచునే నేలవైపు వంగును. తుపాకిగుండును అంతియే. కావుననే అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నాటి వించెస్టర్ లీవరు రైఫిలున, కంటివైపు గంటుగల యినుపరేకును, గొట్టము కొనను చిన్న మొలకను అమర్చిరి. గంటు నడుమ మొలక నిలిచి, దాని శిరస్సు లక్ష్యమును తాకినపుడే గురి కుదురును.

లక్ష్యము దూరమైనచో, రేకు క్రింద మెట్లుగా కోసిన బిళ్లను జరిపి రేకును లేపుదురు. అపుడు మొలకను దానితో సమము చేయుటకు గొట్టపు మూతిని ఎత్తక తప్పదు, గుండును పైకెగసి దూరము పోవును. గుండు కుడికి తప్పినచో వెనుకరేకును ఎడమకు జరుపవలెను. మొలకనైతే, వింతగా, కుడికే! కన్ను మూడు దూరములను ఒక్కసారి స్పష్టముగా చూడజాలదు గనుక, నేర్పరులు లక్ష్యమును మసకకు విడిచి మొలకనే నిశ్చలముగా చూతురు.